‘మానసిక నిపుణులు’ అన్న మాట పక్కన చదువు, రిజిస్ట్రేషన్ నంబరు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాఠకుల మానసిక సమస్యలకు జవాబులు వస్తున్నాయి. ఇంటర్ ఫలితాల రోజుల్లో జిల్లా పేజీల్లో తల్లిదండ్రులకు సలహాలు వస్తున్నాయి. తెలుగులో ఈ సంగతులు అచ్చులోకి రావడం ఎంతో మంచిదే. కానీ సలహా ఇచ్చినవారి పేరు కింద ‘మానసిక నిపుణులు’ అనో, ‘ప్రముఖ సైకాలజిస్టు’ అనో మాత్రమే ఉంటుంది. గుండె జబ్బుల గురించి రాసినవారి పేరు పక్కన ఎం.డి., డి.ఎం. అని తప్పకుండా వేస్తారు. మనసు గురించి రాసినవారి దగ్గర ఆ పట్టింపు ఎందుకు లేదు? పాఠకుడు ఆ పేరు పట్టుకునే వెళ్తాడు. చచ్చిపోతానంటున్న కొడుకునో, నెలల తరబడి గది దాటి బయటకు రాని కూతురినో వెంటబెట్టుకుని వెళ్తాడు. అక్కడ కూర్చున్న మనిషికి శిక్షణ ఉందో లేదో చాలామందికి తెలిసే దారి పేపరే. అందుకే ఆ పేరు పక్కన చదువు, రిజిస్ట్రేషన్ నంబరు రెండూ వేయమని కోరుతున్నాను. ఎందుకింత పట్టుబడుతున్నానో తెలియాలంటే ఆ చదువులో ఏముందో, చికిత్స గదిలో అసలు ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి. ఉత్తరం పెద్దదే అవుతుంది, మన్నించండి.

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యంలో మూడేళ్ళ ఎం.డి. గానీ రెండేళ్ళ డిప్లొమా (డి.పి.ఎం.) గానీ చేసిన డాక్టరు. మందులు రాసేది వీరే. క్లినికల్ సైకాలజిస్టు డాక్టరు కాదు, మందులు రాయకూడదు. డిగ్రీ తర్వాత సైకాలజీలో రెండేళ్ళ పీజీ, దాని తర్వాత ఆసుపత్రికి అనుబంధంగా రెండేళ్ళ పూర్తికాలపు ఎం.ఫిల్. చేయాలన్నది ఇంతవరకు ఉన్న పద్ధతి. బెంగళూరు నిమ్హాన్స్‌లో 1955లో డిప్లొమాగా మొదలైన శిక్షణే తర్వాత ఎం.ఫిల్. అయింది. రాంచీలోని కేంద్ర మానసిక ఆరోగ్య సంస్థలోనూ ఇది చాలా పాత కోర్సు. యూజీసీ 2022 నిబంధనల్లో ఎం.ఫిల్. డిగ్రీని మొత్తంగా ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు మాత్రం 2025-26 విద్యాసంవత్సరం దాకా ప్రవేశాలకు వెసులుబాటు ఇచ్చింది. దాని స్థానంలో వేరే కోర్సులు వస్తున్నాయి. ఇప్పటికే ఎం.ఫిల్. చేసినవారి అర్హతకు ఢోకా ఏమీ లేదు. ఇక కౌన్సిలర్ అన్న పేరు ఎవరైనా పెట్టుకుంటున్నారు. ఎమ్మెస్సీ సైకాలజీ చదివి ఏళ్ళ తరబడి స్కూళ్ళలో మంచి పని చేస్తున్నవారూ ఉన్నారు, రెండు ఆదివారాల హిప్నోసిస్ వర్క్‌షాపుకు వెళ్ళొచ్చి బోర్డు కట్టినవారూ ఉన్నారు. దూరవిద్యలో సైకాలజీ ఎం.ఏ. చేయడంలో తప్పేమీ లేదు, కానీ అందులో రోగులను చూసే రెండేళ్ళ శిక్షణ ఉండదు. పీహెచ్‌డీ ఉంటే పేరు ముందు ‘డా.’ వస్తుంది, అంతమాత్రాన క్లినికల్ శిక్షణ రాదు. పేపర్లలో ఎక్కువ గందరగోళం ఈ ‘డా.’ దగ్గరే వస్తోంది.

ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, చట్టం కూడా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రెండో సెక్షన్లోనే క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో నిర్వచించింది. పర్యవేక్షణలో జరిగిన రెండేళ్ళ క్లినికల్ శిక్షణను, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపును అందులో చెప్పింది. ఆ కౌన్సిల్ 1992 నాటి చట్టంతో ఏర్పడింది. దాని పదమూడో సెక్షన్ ప్రకారం రిజిస్టర్‌లో పేరు లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలంటే ఈ రోజుల్లో ఒక్క సెషన్ ఫీజు కూడా కాదు కాబట్టి ఎవరూ భయపడడం లేదు. ఆ మొత్తం పెంచాల్సిందే.

రిజిస్ట్రేషన్ సరిచూసుకోవడం కష్టమేమీ కాదు. కౌన్సిల్ వెబ్‌సైట్లో సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్ ఉంటుంది. అందులో పేరుతో గానీ, సి.ఆర్.ఆర్. నంబరుతో గానీ వెతకవచ్చు. అయితే నంబరు కనబడగానే సరిపోదు. ఆ కౌన్సిల్ పదహారు రకాల వృత్తులవారిని నమోదు చేస్తుంది. స్పెషల్ ఎడ్యుకేటర్లు, స్పీచ్ థెరపిస్టులు, ఆడియాలజిస్టులు కూడా అందులో ఉంటారు. వారి పనిలో వారు నిపుణులే, కానీ వద్దన్నా వచ్చే ఆలోచనలతో చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే ఓసీడీ లాంటి జబ్బుకు చికిత్స చేసే శిక్షణ వారికి లేదు. కాబట్టి పేరు పక్కన ఏ వర్గం రాసి ఉందో చూడాలి. ‘క్లినికల్ సైకాలజిస్టు’ అనే ఉండాలి. ‘అసోసియేట్’ అని ఉంటే ఏడాది ప్రొఫెషనల్ డిప్లొమా చేసినవారని అర్థం. గడువు తేదీ కూడా చూడాలి. ఐదేళ్ళకోసారి రెన్యువల్ ఉంటుంది, అందుకు ఆ ఐదేళ్ళలో శిక్షణ కార్యక్రమాలకు హాజరై పాయింట్లు సంపాదించాలి. మీ విలేకరి ఎవరి మాటైనా అచ్చు వేసేముందు ఇదంతా ఐదు నిమిషాల్లో చూసేయగలరు.

ఆ రెండేళ్ళలో నేర్పేది ఏమిటి? పుస్తకాల్లో ఉన్నది తక్కువ. సైకియాట్రీ వార్డులో, ఓపీలో, డీఅడిక్షన్‌లో, పిల్లల విభాగంలో రోగులను చూడాలి. ప్రతి కేసుకు హిస్టరీ రాసి సీనియర్ ముందు పెట్టాలి. ‘నిద్ర పట్టడం లేదు’ అని రాస్తే సరిపోదు. పడుకున్నాక ఎంతసేపటికి పడుతోంది, మధ్యలో మెలకువ వస్తోందా, తెల్లవారుజామున మూడింటికే లేచి మళ్ళీ పట్టడం లేదా అని అడగలేదేమని నిలదీస్తారు. పడుకోగానే నిద్ర రాకపోవడం ఆందోళనలో ఎక్కువ, తెల్లవారకముందే మెలకువ రావడం తీవ్రమైన డిప్రెషన్‌లో ఎక్కువ. ఒక్క నిద్ర గురించే ఇన్ని ప్రశ్నలు. సెషన్‌లో చేసిన పనిని వారం వారం సూపర్‌వైజర్ విని తప్పులు దిద్దుతారు. పరీక్షల్లో రోగి ఎదురుగానే ప్రాక్టికల్ ఉంటుంది, చివర్లో సొంత పరిశోధన వ్యాసం ఇవ్వాలి. పక్కనుండి దిద్దే మనిషి లేకుండా ఈ పని నేర్చుకున్నవారు ఏ ప్రశ్న అడగలేదో వారికే తెలియదు, అసలు ప్రమాదం అదే.

మొదటి సెషన్ గంట నుంచి గంటన్నర పడుతుంది. అందులో సలహాలు ఉండవు. అది చూసి కొందరు నిరాశపడతారు, ‘అన్నీ అడిగారు, ఏమీ చెప్పలేదు’ అంటారు. చెప్పకపోవడమే సరైన పద్ధతి. ఎప్పుడు మొదలైంది, ఆ ముందు నెలల్లో ఇంట్లో ఏం జరిగింది, ఆకలి, బరువు, నెలసరి, మద్యం, గుట్కా, ఇప్పటికే వాడుతున్న మాత్రలు, ఇంటివైపు ఎవరికైనా ఇలాంటిది ఉందా అన్నీ అడగాలి. వెంట వచ్చినవారితో విడిగా మాట్లాడాలి, వచ్చిన మనిషితోనూ విడిగా మాట్లాడాలి. శరీరానికి సంబంధించిన కారణాలు దాటిపోకూడదు. థైరాయిడ్ తక్కువైతే అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. ఎక్కువైతే పానిక్‌లో (ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయంలో) లాగే గుండె దడ, చెమటలు, చేతుల వణుకు వస్తాయి. డెబ్బై ఏళ్ళ పెద్దాయన రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి తికమక పడిపోతూ మనుషుల్ని గుర్తుపట్టకపోతే అది మాటలతో నయం చేసేది కాదు. ఒంట్లో సోడియం పడిపోయి ఉండొచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. ‘గాలి సోకింది’ అని నాలుగు రోజులు తాయెత్తులతో గడిపినా, ‘వయసు మీద పడింది, కౌన్సిలింగ్ ఇప్పిద్దాం’ అని నాలుగు రోజులు గడిపినా నష్టం ఒకటే.

ఆత్మహత్య గురించి సూటిగా అడగాలి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలా అని ఆలోచించారా? అందుకు కావలసినది ఇంట్లో ఉందా?’ ఈ మూడూ, ఇదే వరుసలో. అడిగితే లేని ఆలోచన పుడుతుందని ఇళ్ళల్లో భయపడతారు. అది నిజం కాదు. అడిగినప్పుడు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు, అంతవరకు ఎవరూ అడగలేదు కాబట్టి. పల్లెల్లో అయితే పురుగుమందు డబ్బా ఎక్కడుందో అడిగి, దాన్ని ఇంట్లోంచి తీసేయించడమే ఆ రోజు జరిగే అతి ముఖ్యమైన పని. ఆ తర్వాతే మిగతావన్నీ.

రెండు మూడు సెషన్ల తర్వాత సమస్యకు ఒక పటం గీస్తాం. మనిషిని ముందునుంచీ బలహీనపరిచినవి ఏమిటి, ఇటీవల కదిపినవి ఏమిటి, తగ్గనివ్వకుండా పట్టి ఉంచుతున్నవి ఏమిటి, ఆసరాగా ఉన్నవి ఏమిటి అని. చికిత్స ఎక్కువగా పని చేసేది మూడోదాని మీద. చిన్నప్పటి దెబ్బలను వెనక్కి వెళ్ళి మార్చలేం. ఈ రోజు సాయంత్రం ఆ మనిషి చేయబోయే పనిని మార్చవచ్చు.

ఇది చేతల్లో ఎలా ఉంటుందో ఓసీడీతో చెబుతాను. మన ఇళ్ళల్లో దీన్ని చాదస్తమనో, మడి పిచ్చి అనో వదిలేసి ఏళ్ళు గడిపేస్తుంటారు. చేతులు కడిగి కడిగి వేళ్ళ సందులు పగిలి రక్తం వచ్చే దశకు వచ్చాక తీసుకొస్తారు. మురికి అంటిందన్న ఆలోచన రాగానే ఆందోళన పెరుగుతుంది, కడిగితే తగ్గుతుంది. కడిగినందువల్లే తగ్గిందని మెదడు నేర్చుకుంటుంది, మరుసటిసారి ఇంకా ఎక్కువ కడగమంటుంది. దురద గోక్కున్నట్టే, గోకినకొద్దీ ఎక్కువవుతుంది. కాబట్టి చికిత్సలో మురికి లేదని నచ్చజెప్పే పని పెట్టుకోం. మురికిని ముట్టుకుని, కడగకుండా ఉండడమే చికిత్స. దీనికి ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అని పేరు. 1966లో విక్టర్ మేయర్ అనే ఆయన లండన్‌లో ఈ దారి మొదలుపెట్టారు.

ముందు యేల్-బ్రౌన్ స్కేలు మీద తీవ్రత కొలుస్తాం. నలభైకి పదహారు నుంచి మధ్యస్థం, ఇరవై నాలుగు నుంచి తీవ్రం. తర్వాత మనిషి చేతే మెట్లు రాయిస్తాం. సున్నా నుంచి వంద వరకు, ఏది ముట్టుకుంటే ఎంత భయమో ఆ మనిషే మార్కులు వేయాలి. ఇంటి తలుపు గడియకు ఇరవై, పక్కింటివారి గేటుకు ముప్పై, కూరగాయల బండి దగ్గర ఇచ్చిన చిల్లర నోట్లకు నలభై ఐదు, ఆర్టీసీ బస్సు కడ్డీకి అరవై, బయట వేసుకునే చెప్పులకు డెబ్బై ఐదు, బాత్రూమ్ తలుపు అడుగుభాగానికి తొంభై. ముప్పై యాభై మధ్య ఉన్నదానితో, అంటే ఇక్కడ చిల్లర నోటుతో మొదలుపెడతాం. నోటు చేత్తో పట్టుకోవాలి, ఆ చేయి చీరకు, మొహానికి, పరుపుకు తగిలించాలి, కడగకూడదు. ఐదు నిమిషాలకోసారి భయం ఎంతుందో అడిగి కాగితం మీద రాస్తాం. నలభై ఐదు అన్నది డెబ్బై దాకా ఎక్కొచ్చు. తర్వాత నెమ్మదిగా దిగుతుంది. ఎక్కువమందికి అరగంట నుంచి గంటన్నర పడుతుంది. మామూలుగా అది దిగేదాకా ఆగుతాం. మర్నాటి నుంచి ఇంట్లో రోజూ అదే మెట్టు, భయం సగానికి పడేవరకు. తర్వాతే పై మెట్టు. మామూలుగా పన్నెండు నుంచి ఇరవై సెషన్లు పడతాయి.

ఎక్కడెక్కడ చెడుతుందో చెప్పాలి, ఎందుకంటే ‘థెరపీ చేయించాం, లాభం లేదు’ అనే కేసుల్లో చాలా వాటిలో ఇవే కనిపిస్తాయి. భయం పైన ఉన్నప్పుడే తప్పించుకుని సెషన్ ఆపేస్తే భయం ఇంకా బలపడొచ్చు. చేతులు కడగరు గానీ రహస్యంగా కొంగుకు తుడుచుకుంటారు, లేదా మనసులోనే మంత్రం జపిస్తూ ‘శుద్ధి’ చేసుకుంటారు. రెండూ కడగడం కిందికే వస్తాయి, విప్పి అడగాలి. ఒకేసారి తొంభై మెట్టుకు తీసుకెళ్తే మనిషి రెండో రోజు రారు. సెషన్‌కు ముందు ఆందోళన తగ్గించే ఆల్‌ప్రజోలం మాత్ర వేసుకొచ్చినా భయం తనంతట తనే దిగుతుందన్న పాఠం మెదడుకు అందదు. (ఆ మాత్రను సొంతంగా ఒక్కసారిగా ఆపేయకూడదు, ఫిట్స్ రావచ్చు. సైకియాట్రిస్టు చెప్పినట్టే మెల్లగా తగ్గించాలి.) అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టేది ఇంట్లోవాళ్ళ ప్రేమ. ఓసీడీ ఉన్న భార్య ముట్టుకోలేదని భర్తే కుళాయి తిప్పుతాడు, పిల్లలు స్కూలు నుంచి రాగానే గుమ్మంలోనే బట్టలు విప్పేస్తారు, అత్తగారు రోజుకు ఇరవైసార్లు ‘శుభ్రంగానే ఉందమ్మా’ అని ధైర్యం చెబుతుంది. ఆ మాట చెప్పడం కూడా ఒక కడుగుడే, ఇంకొకరి నోటితో జరుగుతోంది, అంతే. వీటిని ఒక్క రోజులో తెంచితే ఇంట్లో గొడవలవుతాయి. ఇరవైని పదికి, పదిని మూడుకు, ఎవరు ఏ మాట అనాలో ముందే ఒప్పందం చేసుకుని తగ్గించాలి. అందుకే కుటుంబాన్ని పిలవని ఓసీడీ చికిత్స మన ఇళ్ళల్లో సగంలోనే ఆగిపోతుంది. తీవ్రంగా ఉన్నవారికి మందులు కూడా కావాలి. ఓసీడీకి ఆ మందుల మోతాదు డిప్రెషన్‌కు ఇచ్చేదానికంటే ఎక్కువ ఉంటుంది, గుణం కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు. మూడో వారంలో పని చేయలేదని మానేయడం మరో పెద్ద పొరపాటు.

డిప్రెషన్‌లో పని తీరు వేరు. ఉత్సాహం వచ్చాక లేద్దామని మనిషి పడుకునే ఉంటాడు, లేవకపోవడం వల్లే ఉత్సాహం రాదు. వారం రోజులపాటు గంట గంటకూ ఏం చేశారో, చేసినప్పుడు సంతోషం పదికి ఎంత, చేయగలిగానన్న తృప్తి పదికి ఎంత అని రాయిస్తాం. అందులోంచే చిన్న పనులు ఎంచుకుంటాం. పొద్దున ఆరున్నరకు వాకిట్లో కుర్చీ వేసుకుని పది నిమిషాలు కూర్చోవడం లాంటివి. మొదటి రోజే ఐదు కిలోమీటర్ల నడక పెడితే చేయలేరు, చేయలేకపోవడం ఇంకో ఓటమి అవుతుంది. ఇక ఆలోచనల సంగతి. ఆరన్ బెక్ 1960లలో మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీని చాలామంది పాజిటివ్ థింకింగ్ అనుకుంటున్నారు, పేపర్లలోనూ అలాగే రాస్తున్నారు. అది కాదు. ‘ఫెయిలయ్యాను, నాన్న ఇక నా మొహం చూడడు’ అన్న కుర్రాడికి ‘అంతా మంచికే’ అని చెప్పం. నాన్న ఇంతకుముందు కోపం వచ్చినప్పుడు ఎన్ని రోజులు మాట్లాడలేదు, అన్నయ్యకు సబ్జెక్టులు తప్పినప్పుడు ఏం చేశాడు, ఆ మాట నిజమో కాదో ఎలా తెలుసుకోవచ్చు అని ఇద్దరం కలిసి వెతుకుతాం. ఒక్కోసారి నాన్న నిజంగానే కఠినుడని తేలుతుంది. అప్పుడు ఆ కఠినుడైన నాన్నతో ఎలా నెగ్గుకురావాలన్నదే పని అవుతుంది, ఆలోచన మార్చడం కాదు. అన్నం మానేసి, మంచం దిగని, చెవుల్లో మాటలు వినబడే దశలో ఉన్నవారికి ముందు సైకియాట్రిస్టు కావాలి. అవసరమైతే కరెంటు చికిత్స కూడా వారు ఇస్తారు. మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా అది ఇవ్వడాన్ని 2017 చట్టం నిషేధించింది కాబట్టి సినిమాల్లో చూసిన దృశ్యాలు తలచుకుని భయపడనక్కర్లేదు.

పరీక్షల గురించి రెండు మాటలు. పిల్లల ఐక్యూ కొలిచే బినే-కామత్, మాలిన్ స్కేళ్ళ నార్మ్స్ (మార్కులను పోల్చి చూసే ప్రమాణాలు) దశాబ్దాల కిందటివి. తెలుగు తప్ప వేరే భాష రాని పిల్లవాడిని ఇంగ్లీషులో ప్రశ్నలడిగితే, జ్వరం నుంచి లేచిన మర్నాడు కూర్చోబెడితే అంకె తగ్గుతుంది. అంకె ఒక్కటే చూసి మేధోవైకల్యం అని రాయకూడదు. స్నానం, తిండి, డబ్బు లెక్క, వీధి దాటడం లాంటి రోజువారీ పనుల స్కేలు కూడా వేయాలి. ఆ రెండూ కలిస్తేనే నిర్ధారణ. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ ఇప్పుడు నీపిడ్ అన్న పేరుతో నడుస్తోంది. పిల్లల అంచనాకు, తల్లిదండ్రుల శిక్షణకు తెలుగువారికి అది పెద్ద దిక్కు. ఇక వేలిముద్రలు తీసి పిల్లవాడు ఇంజనీరవుతాడో డాక్టరవుతాడో చెప్పే డీఎంఐటీ పరీక్షకు, కళ్ళకు గంతలు కట్టి చదివించే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్‌కు, గత జన్మకు తీసుకెళ్ళే హిప్నోసిస్‌కు శాస్త్రీయ ఆధారం లేదు. హిప్నోసిస్‌లో ‘గుర్తొచ్చిన’ సంగతులు చాలాసార్లు అడిగిన ప్రశ్నల వల్ల పుట్టినవే. వాటి మీద నమ్మకంతో కుటుంబాలు విడిపోతాయి. వీటి ప్రకటనలు మీ పేపర్లో వేయకండి.

గదిలో చెప్పినది బయటికి వెళ్ళదు. ఇది థెరపిస్టు మంచితనం మీద ఆధారపడ్డ విషయం కాదు, 2017 చట్టం ఇరవై మూడో సెక్షన్ ఇచ్చిన హక్కు. ఫీజు కట్టేది తండ్రి అయినా, పెళ్ళీడు కూతురు ఏం చెప్పిందో ఆయనకు ఫోన్‌లో చెప్పకూడదు. మినహాయింపులు మొదటి రోజే చెప్పాలి. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే ఇంట్లోవారికి చెబుతాం. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఇవి ముందే చెప్పనివారి దగ్గర జాగ్రత్తగా ఉండండి. ‘ఇరవై ఒక్క సెషన్లు, డబ్బు ముందే, గ్యారంటీ’ అనేవారి దగ్గర మరింత జాగ్రత్త. థెరపీకి గ్యారంటీ ఉండదు, సెషన్ సెషన్‌కు ఫీజు ఉంటుంది, మానేసే స్వేచ్ఛ మీకుంటుంది. ఆరు సెషన్లయినా స్కేలు మీద అంకె కదలకపోతే ఎందుకు కదల్లేదని థెరపిస్టే అడగాలి. ఆయన అడగకపోతే మీరు అడగండి. పద్ధతి మార్చడమో, మందులకు సైకియాట్రిస్టు దగ్గరికి పంపడమో, ఇంకొకరికి అప్పగించడమో చేయాలి.

ఇక్కడ మీ బాధ్యత కూడా ఉంది. ఏదైనా ఘోరమైన నేరం జరిగిన మర్నాడే నిందితుడికి ఏ మానసిక జబ్బు ఉందో ‘నిపుణుల’ చేత చెప్పిస్తున్నారు. ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షించని మనిషికి జబ్బు పేరు పెట్టడం వృత్తి నియమాలకు విరుద్ధం. రిజిస్ట్రేషన్ ఉన్నవారు చెప్పినా అది తప్పే. చదివినవారి ఇంట్లో అదే జబ్బు ఉన్న బిడ్డను ఊరంతా హంతకుడిలా చూడడం మొదలుపెడుతుంది. చికిత్సలో ఉన్న మనిషి ఫొటోను, వివరాలను అతని అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని ఇరవై నాలుగో సెక్షన్ చెబుతోంది. ఆత్మహత్య వార్తలను మొదటి పేజీలో ప్రముఖంగా వేయవద్దని, ఏ పద్ధతిలో చనిపోయారో వర్ణించవద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంటర్ ఫలితాల వారంలో ఆ కాగితాన్ని డెస్కు మీద అంటించి ఉంచమని వేడుకుంటున్నాను. ఒక పిల్లవాడి మరణాన్ని పద్ధతితో సహా వర్ణించి రాస్తే అదే బాధలో ఉన్న ఇంకో పిల్లవాడు దాన్ని చదువుతాడు.

క్లినికల్ సైకాలజిస్టులు మనకు చాలరు, ఉన్నవారిలోనూ ఎక్కువమంది పెద్ద నగరాల్లోనే ఉన్నారు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు, జబ్బును బట్టి వారిలో డెబ్బై నుంచి తొంభై రెండు శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన లెక్క మనకే తెలియదన్నమాట. అమెరికాలో ఉన్న పిల్లలు తెలుగులో మాట్లాడే థెరపిస్టు కోసం ఇక్కడివారిని వీడియోలో వెతుకుతున్నారు. అక్కడ లైసెన్సు రాష్ట్రం రాష్ట్రానికి వేరు, సైకాలజిస్టుకైతే మామూలుగా డాక్టరేట్ ఉండాలి. పైగా అర్ధరాత్రి ప్రమాదం వస్తే ఇక్కడి మనిషి చేయగలిగేది చాలా తక్కువ. ఆ దారి పట్టేవారు వారి ఊళ్ళో అత్యవసరానికి ఎవరిని పిలవాలో ముందే రాసి పెట్టుకోవాలి. ఇక్కడైనా వీడియో సెషన్ మొదట్లోనే మీరున్న చిరునామా, దగ్గరివారి ఫోన్ నంబరు అడగని థెరపిస్టు సగం పనే చేస్తున్నట్టు.

దగ్గర్లో ఎవరూ లేనివారు మొదట వెళ్ళాల్సింది జిల్లా ఆసుపత్రిలోని సైకియాట్రీ ఓపీకి. ఎర్రగడ్డ, విశాఖ వాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల పేర్లు మన మాటల్లో తిట్లుగా మారిపోవడం చాలా బాధాకరం. శిక్షణ పొందిన మనుషులు తక్కువ ఖర్చుతో దొరికే చోట్లు అవి. వెళ్ళేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు, థైరాయిడ్ రిపోర్టు తీసుకెళ్ళండి. రోగితో రోజూ ఉండే మనిషి వెంట ఉండాలి, దూరపు బంధువు కాదు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ-మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ ఐదంకెలను ప్రతి ఆత్మహత్య వార్త కింద, ప్రతి ఆదివారం మీ జవాబుల శీర్షిక కింద, కళ్ళజోడు లేకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో వేయండి.

భవదీయ,
ఒక క్లినికల్ సైకాలజిస్టు,
విజయవాడ